ఉడుము గుడ్డు పెట్టాలంటే ముందు మట్టి కావాలి

మనుషులు ఇళ్లల్లో పెంచే ఉడుముల్లో రెండింటి సంగతి పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకటి ఆఫ్రికా ఖండపు సవానా ఉడుము. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి కొన్ని దశాబ్దాలుగా లక్షల సంఖ్యలో అమెరికా, యూరప్ పెట్ షాపులకు చేరింది. అంత చవకగా, అంత తేలిగ్గా దొరికే ఉడుము ఇంకోటి లేదు. అయినా పెంచేవాళ్ల దగ్గర అది గుడ్లు పెట్టి, ఆ గుడ్లు పిల్లలైన సందర్భాలు చాలా తక్కువ. రెండోది ఆస్ట్రేలియా ముళ్లతోక ఉడుము. పెంచేవాళ్లు దాన్ని ముద్దుగా యాకీ అంటారు. తోకతో కలిపి రెండడుగుల పైచిలుకు ఉంటుంది. ఆస్ట్రేలియా తన జంతువులను వ్యాపారానికి బయటికి పంపడం మానేసి చాలా దశాబ్దాలైంది. అంటే అడవి నుంచి కొత్త సరుకు రాదు. కానీ ఈ చిన్న ఉడుము మాత్రం అమెరికాలో, జర్మనీలో మామూలు మనుషుల ఇళ్లల్లో తరం తర్వాత తరం పుడుతూనే ఉంది.

విరివిగా దొరికేది పిల్లలు పెట్టడం లేదు, దొరకనిది పెడుతోంది. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే ఉడుముల పెంపకంలో చిక్కుముళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి.

అంతకంటే ముందు మనవాళ్ల కోసం ఒక మాట. మన చేలగట్ల మీద, పుట్టల దగ్గర కనిపించే ఉడుమును పట్టడం, పెంచడం, అమ్మడం, తినడం అన్నీ నేరాలే. మన దేశంలో నాలుగు రకాల ఉడుములున్నాయి. మనందరికీ తెలిసిన మామూలు ఉడుము, ఉత్తరాది చిత్తడి నేలల పసుపు ఉడుము, రాజస్థాన్ వైపు ఎడారి ఉడుము, ఒడిశా, బెంగాల్ మడ అడవుల్లోనూ అండమాన్‌లోనూ ఉండే నీటి ఉడుము. నాలుగూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ జాబితాలోనే. దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఒకప్పుడు కంజీరకు బిగించింది దీని చర్మమే. అదృష్టం కలిసొస్తుందని 'హత్తా జోడీ' పేరుతో అమ్మే ఎండు వేరు నిజానికి వేరు కానే కాదు, చంపిన మగ ఉడుము జననాంగం. ఇంత హింస పడుతున్న జంతువు గురించి రాస్తున్నాను కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. ఈ వ్యాసంలో పెంపకం అన్నప్పుడల్లా జూలు, సంరక్షణ కేంద్రాలు, అక్కడి చట్టం ఒప్పుకున్న దేశాల్లోని పెంపకందారులు అనే అర్థం చేసుకోండి.

నాకు ఈ విషయం దగ్గరగా తెలిసింది టెక్సాస్‌లో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి వల్ల. అన్నయ్య పదేళ్లుగా ముళ్లతోక ఉడుములను పెంచుతున్నాడు. ఒక వేసవిలో వాళ్లింట్లో ఆరు వారాలున్నాను. అక్కడ చూసింది కొంత, ఆ తర్వాత పట్టుబట్టి తెలుసుకున్నది కొంత ఇక్కడ చెబుతాను.

మొదటి తప్పు వేడి దగ్గర జరుగుతుంది. చురుగ్గా ఉన్న ఉడుము ఒంటి వేడి దాదాపు 36 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అందుకని పాతకాలపు పెంపకందారులు అది ఎండ కాగే చోటును కూడా 35, 36 డిగ్రీల దగ్గరే ఉంచేవారు. పైకి లెక్క సరిగానే ఉన్నట్టుంటుంది. కానీ ఆలోచించండి, స్నానానికి 36 డిగ్రీల నీళ్లు కావాలని పొయ్యిని కూడా 36 డిగ్రీల దగ్గరే పెడితే నీళ్లు ఎప్పటికి కాగుతాయి? ఆస్ట్రేలియా ఎండలో బండ పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఉడుము దాని మీద ఒళ్లు పలకలా పరిచి కొన్ని నిమిషాలు కాగుతుంది, ఒంటికి చాలినంత వేడి ఎక్కగానే దిగి నీడకో, బొరియలోకో పోతుంది. పెంచే పెట్టెలోనూ అలాంటి మండే బండ ఒకటి కావాలి, దాన్నుంచి తప్పించుకునే 25 డిగ్రీల చల్లటి మూల కూడా కావాలి. అన్నయ్య పెట్టెలో దీపం కింద ప్లైవుడ్ పలకలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో వేలెడు సందు వదిలి పేర్చి ఉంటాయి. పై పలక అట్టు వేసే పెనంలా ఉంటుంది, కింది సందులోకి పోయేకొద్దీ చల్లదనం. ఏ అంతస్తులో ఎంతసేపుండాలో ఉడుమే చూసుకుంటుంది.

దీనికీ గుడ్లకూ సంబంధం ఏమిటంటారా? ఆడ ఉడుము గుడ్డులో సొన కట్టాలంటే చాలా తినాలి, తిన్నది త్వరగా అరగాలి. ఒంటికి చాలినంత వేడి ఎక్కకపోతే అరుగుదల మందగిస్తుంది. జంతువు బతుకుతుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది కూడా, కానీ గుడ్డు కట్టదు. 'నా దగ్గర ఆరేళ్లుగా ఆరోగ్యంగా ఉంది, ఎందుకో మరి పిల్లలు మాత్రం లేవు' అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఇంకో కారణం చిన్నదే గానీ ఎంతోమందిని ఏళ్లకేళ్లు తిప్పలు పెట్టింది. ఉడుముల్లో ఆడదో మగదో పైకి చూసి చెప్పడం చాలా కష్టం. మగదాని జననాంగాలు తోక మొదట్లో లోపలికి ముడుచుకుని ఉంటాయి. జంట అనుకుని కలిపి ఉంచినవి రెండూ మగవో, రెండూ ఆడవో అయిన కథలు ఈ రంగంలో కొల్లలు. ఇప్పుడు స్కానింగ్ ఉంది, కొన్ని జాతుల్లో ఎక్స్‌రేలో మగదాని ఎముక గుర్తు కనిపిస్తుంది, ఇండోనేసియాలో ఉండే అతి పెద్ద ఉడుము కొమోడో డ్రాగన్ లాంటి వాటికి రక్తం నుంచి డీఎన్ఏ పరీక్ష ఉంది. జూలు ఇప్పుడు ఊహల మీద ఆధారపడటం లేదు.

వేడి కుదిరింది, జంట కుదిరింది, అవి కలిశాయి, ఆడదాని పొట్ట రెండు వైపులా ఉబ్బి గుడ్లు కట్టింది. గండం గట్టెక్కినట్టే అనిపిస్తుంది. అసలు గండం ఇక్కడే మొదలవుతుంది.

అన్నయ్య మొదటి ఆడ ఉడుము ఈ దశలోనే చచ్చిపోయింది. అప్పట్లో ఆయన పెట్టెలో మట్టి నాలుగు అంగుళాలు మాత్రమే ఉండేది. అది ఒక మూలను పట్టుకుని తవ్వడం మొదలుపెట్టింది. నాలుగు అంగుళాలు తవ్వేసరికి ప్లాస్టిక్ అడుగు తగిలింది. పక్క మూలకు వెళ్లింది, అక్కడా అదే. మళ్లీ మొదటి మూలకు వచ్చింది. పంజాలు ప్లాస్టిక్ మీద గీరుకునే చప్పుడు వారం రోజుల పాటు పక్క గదిలోకి వినిపించేదట. 'తవ్వుకోనీలే, ఆడుకుంటోంది అనుకున్నాన్రా' అన్నాడు అన్నయ్య, ఇది చెబుతూ ఆ పెట్టె ఉండిన గోడ వైపు చూస్తూ. తిండి మానేసింది. కళ్లు లోపలికి పోయాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి గుడ్లు కడుపులోనే ఉండిపోయి లోపల అంతా చెడిపోయింది.

సరైన చోటు దొరకనప్పుడు ఆడ ఉడుము గుడ్లను కడుపులోనే ఆపుకుంటుంది. కొన్ని రోజులు ఆపుకోవడం దాని తెలివి. ఎక్కువ రోజులు ఆపుకుంటే అదే దాని చావు. కొన్ని ఆపుకోలేక నేల మీద అక్కడక్కడా, నీళ్ల గిన్నెలో కూడా వదిలేస్తాయి. అలా నీళ్ల గిన్నెలో గుడ్లు చూసిన పెంపకందారు 'దీనికి గుడ్లు పెట్టడం చేతకాదు' అనుకుంటాడు. చేతకానిది దానికి కాదు. దానికి ఇల్లు దొరకలేదు.

అది వెతికే ఇల్లు ఎలాంటిదో ఆస్ట్రేలియాలో బయటపడిన ఒక సంగతి చూస్తే అర్థమవుతుంది. అక్కడ ఉత్తర ప్రాంతంలో పసుపు మచ్చల ఉడుము అని ఒక పెద్ద జాతి ఉంది. అది గుడ్లు ఎక్కడ పెడుతుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. బొరియలను ఓపికగా తవ్వి చూసిన శాస్త్రవేత్తలు, 2010 తర్వాతి ఏళ్లలో ప్రకటించింది విని ఈ రంగంలో ఉన్నవాళ్లంతా నివ్వెరపోయారు. గుడ్లు మూడు మీటర్లకు పైగా లోతులో ఉన్నాయి. అక్కడికి పోయే సొరంగం గుండ్రటి మెట్లలా మెలికలు తిరిగి దిగుతుంది, తల్లి దాన్ని మట్టితో పూడ్చేసి పోతుంది. ఏ వెన్నెముక జంతువూ గుడ్ల కోసం ఇంత లోతుకు తవ్విన దాఖలా అంతకుముందు లేదు. గుడ్లు నెలల తరబడి, పొడి కాలమంతా నేలలో ఉండాలి. పై మట్టి పగలు మాడి, రాత్రి చల్లారి, మొత్తానికి ఎండిపోతుంది. మూడు మీటర్ల కింద మాత్రం తేమా వేడీ పెద్దగా మారవు. గుడ్డు చీల్చుకున్న పిల్లలు తల్లి దిగిన దారిలో రావు, నేరుగా పైకి తవ్వుకుంటూ వస్తాయి.

అంత లోతు తవ్వలేని చోట మరో ఉపాయం ఉంది. అది మనకు బాగా తెలిసినదే. చెదపుట్ట. ఆఫ్రికా నైలు ఉడుము వానలకు గోడ మెత్తబడ్డప్పుడు చెదలు కాపురమున్న పుట్టను చీల్చి లోపల గుడ్లు పెడుతుంది. చెదలు తమ పుట్టకు పడ్డ చిల్లును తామే పూడ్చుకుంటాయి, దాంతో గుడ్లకు తాళం పడ్డట్టే. చెదలు తమ కోసం లోపల కాపాడుకునే వేడీ తేమా గుడ్లకు ఉచితంగా దొరుకుతాయి. ఆస్ట్రేలియా లేసు ఉడుము కూడా ఇంతే. పైగా నెలల తర్వాత తల్లి తిరిగొచ్చి గట్టిపడ్డ పుట్టను తవ్వి పిల్లలకు దారి ఇవ్వడం అక్కడ చూశారు. మన ఉడుము కూడా వానల కాలంలో గొయ్యి తవ్వో, పుట్టలోనో గుడ్లు పెడుతుంది. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టలో ఉడుము గుడ్లు పెరుగుతూ ఉండవచ్చు. చిన్నప్పుడు మాకెవరికీ ఈ మాట చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ పుట్టలను ఇంకోలా చూసేవాళ్లం.

ఇక పెట్టె సంగతి. యాకీ చిన్నది కాబట్టి దానికి ఒకటిన్నర నుంచి రెండడుగుల మట్టి సరిపోతుంది. మట్టి అంటే పొడి ఇసుక కాదు, తవ్విన బొరియ కూలకుండా నిలబడే మట్టి. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. చలిమిడికి పిండి తడిపినట్టు. గుడ్లు పెట్టే లోతులో అది 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. ఆడది ఊరికే మొదటి గోతిలోనే పెట్టదు. ఒక చోట తవ్వుతుంది, ముక్కు ఆనిస్తుంది, వదిలేస్తుంది, ఇంకో చోట తవ్వుతుంది. నేను చూసిన రోజు అది నాలుగు గోతులు వదిలేసింది. ఐదో గోతిలోకి దిగింది, సాయంత్రానికి తోక కొస మాత్రమే బయటుంది, తర్వాత అదీ లేదు. మర్నాడు పొద్దున దీపం కింద పొట్ట అతుక్కుపోయి, తోక మొదట్లో చర్మం ముడతలు పడి, ఒళ్లంతా మట్టితో పడుకుని ఉంది. గొయ్యి ఎక్కడుందో కనబడకుండా పైన చదును చేసేసింది. అన్నయ్య చెంచాతో అరగంట తవ్వితే గానీ దొరకలేదు. పదకొండు గుడ్లు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. సవానా ఉడుము యాకీ కంటే చాలా పెద్దది. దానికి తేమ నిలిచే మట్టి మీటరు లోతున కావాలంటే ఆ పెట్టె బరువు టన్నుల్లోకి పోతుంది. మామూలు ఇంటి నేల దాన్ని మోయదు. షాపులో ఆ పిల్లను కొన్న మనిషికి చేతిలో పెట్టి పంపేది మాత్రం ఒక గాజు పెట్టె, గుప్పెడు చెక్కపొట్టు. జవాబులో మిగతా సగం డబ్బుది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గుడ్లు బయటికి తీశాక జాగ్రత్తలు వేరు. 'తిప్పకురా, ఎలా ఉన్నది అలాగే ఎత్తు' అని అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కోడి తన గుడ్లను రోజూ తిప్పుతుంది కాబట్టి ఉడుము గుడ్డును కూడా తిప్పాలేమో అనుకుంటాం. ఉల్టా. ఉడుము గుడ్డులో పిండం మొదటి రోజుల్లోనే పైభాగానికి అంటుకుంటుంది. ఆ తర్వాత తిరగేస్తే అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి గుడ్డు నెత్తిన పెన్సిల్‌తో ఒక గీత. పెంకు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, తడిసిన తోలులా మెత్తగా వంగుతుంది. అది నీళ్లు పీల్చుకుంటుంది. గుడ్డు పెట్టిన రోజు కంటే పిల్ల బయటికొచ్చే రోజుకు అది బాగా ఉబ్బి, బరువెక్కి ఉంటుంది. పెరుగు డబ్బా లాంటి మూతపెట్టె, అందులో తేమను పట్టి ఉంచే వర్మిక్యులైట్ అనే ఖనిజపు పొడి, దాని బరువుకు దాదాపు సమానమైన నీళ్లు, ఇది చాలామంది వాడే లెక్క. గుడ్డు మీద సొట్ట పడితే తేమ తక్కువైనట్టు. మరీ తడైతే గుడ్డు అతిగా ఉబ్బి లోపలి పిల్ల ఊపిరాడక పోతుంది. రెండు వారాల తర్వాత చీకట్లో చిన్న లైటు ఆనించి చూస్తే బతికున్న గుడ్డు గులాబీ రంగులో వెలుగుతుంది, సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తాయి. పాడైనది పసుపుగా మొద్దుగా ఉంటుంది.

ఆ తర్వాత ఎదురుచూపు. యాకీకి మూడు నాలుగు నెలలు, సవానా ఉడుముకు ఐదారు, మన ఉడుముకు దాదాపు ఆరు నుంచి ఎనిమిది, కొమోడో డ్రాగన్‌కు ఏడు నుంచి తొమ్మిది నెలలు. ఇన్ని నెలలూ ఇంక్యుబేటర్ 28 నుంచి 30 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. ఒక్క రాత్రి థర్మోస్టాట్ చెడితే నెలల కష్టం పోతుంది. ఆ టెన్షన్ పెంచేవాళ్లకే తెలుసు.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దాలి. 'ఇంక్యుబేటర్ వేడి పెంచితే మగపిల్లలు, తగ్గిస్తే ఆడపిల్లలు' అంటుంటారు. మొసళ్లలో, చాలా తాబేళ్లలో వేడి లింగాన్ని నిర్ణయించడం నిజమే. మన మగ్గర్ మొసలి గుడ్లను 32, 33 డిగ్రీల దగ్గర పొదిగిస్తే మగవి ఎక్కువ వస్తాయి, అంతకంటే బాగా తక్కువైనా ఎక్కువైనా ఆడవి వస్తాయి. చెన్నై దగ్గర 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్‌లో దీని మీద మంచి పని జరిగింది. నీటి ఉడుములను పెంచి, పిల్లలు తీయించిన చోటు కూడా అదే. కానీ ఉడుముల్లో లింగం వేడి మీద ఆధారపడదు, పక్షుల్లో లాగా క్రోమోజోములే నిర్ణయిస్తాయి. మనుషుల్లో మగవాడికి రెండు వేర్వేరు లింగ క్రోమోజోములుంటాయి, ఆడవారికి రెండూ ఒకటే. ఉడుముల్లో ఇది తలకిందులు. ఆడదానికి జెడ్, డబ్ల్యూ అనే రెండు వేర్వేరువి, మగదానికి రెండూ జెడ్‌లే.

ఈ చిన్న తేడా తెలిస్తే తప్ప 2006లో ఇంగ్లండ్‌లో జరిగింది అర్థం కాదు. చెస్టర్ జూలో ఫ్లోరా అనే కొమోడో డ్రాగన్ ఉండేది. మగదాని నీడ కూడా ఎరగదు. ఆ ఏడాది మే నెలలో 25 గుడ్లు పెట్టింది. ఒంటరి ఆడవి గొడ్డు గుడ్లు పెట్టడం మామూలే, కోళ్లలోనూ చూస్తాం. అక్కడివాళ్లు మాత్రం వాటిని పారేయలేదు, ఇంక్యుబేటర్‌లో పెట్టారు. మూడు గుడ్లు మధ్యలో కుంగిపోతే వాటిలోని పిండాలకు డీఎన్ఏ పరీక్ష చేశారు. తండ్రి లేడు. ఉన్నదంతా తల్లిదే. లండన్ జూలో సుంగై అనే మరో ఆడది అంతకుముందే 22 గుడ్లు పెట్టి, నాలుగు పిల్లలను ఇలాగే ఇచ్చింది. మగదానికి దూరమై రెండేళ్లు దాటిన తర్వాత. అదే సుంగై ఆ తర్వాత మగదానితో కలిసి మామూలు పద్ధతిలో కూడా సంతానం కన్నది. అంటే రెండు దారులూ దాని ఒంట్లోనే ఉన్నాయి. ఫ్లోరా పిల్లలు 2007 జనవరిలో బయటికొచ్చాయి.

అలా పుట్టినవన్నీ మగవే. కారణం పైన చెప్పిన క్రోమోజోముల్లో ఉంది. తల్లి గుడ్డులోకి జెడ్ గానీ డబ్ల్యూ గానీ ఒక్కటే వెళుతుంది. తండ్రి వాటా రాదు కాబట్టి ఉన్నదే రెట్టింపవుతుంది. రెండు డబ్ల్యూలైతే పిండం బతకదు. రెండు జెడ్‌లైతే మగపిల్ల. ఒక్క ఆడది కొట్టుకొచ్చి ఏదో దీవిలో పడ్డా కొడుకులను కని, వాటితో సంతానాన్ని మొదలుపెట్టగలదన్నమాట. జూలకు మాత్రం ఇది హెచ్చరిక. 2021లో అంతర్జాతీయ జాబితాలో 'అంతరించే ప్రమాదం' స్థాయికి చేరిన జంతువిది. ఆడదాన్ని ఒంటరిగా ఉంచి వచ్చిన పిల్లలతో సంఖ్య పెంచుకుంటూ పోతే తలలు పెరుగుతాయి, రక్తంలో వైవిధ్యం తరిగిపోతుంది. ఇండోనేసియా బయట కొమోడో పిల్లలు మొదటిసారి పుట్టింది 1992లో, వాషింగ్టన్ నేషనల్ జూలో పెట్టిన గుడ్ల నుంచి. అక్కడి నుంచి ఇప్పటిదాకా ఏ జూలో ఏది దేనితో కలవాలో వంశవృక్షం చూసి నిర్ణయించే పద్ధతి ఇందుకే.

పిల్ల బయటికొచ్చే ఘడియ నేను రెండుసార్లు చూశాను. మొదట గుడ్డు చెమట పట్టినట్టు తడిసి, కాస్త సొట్ట పడుతుంది. తర్వాత పెన్సిల్ గీత పక్కన వెంట్రుకంత చీలిక, దాని పక్కన ఇంకోటి, బ్లేడుతో గీసినట్టు. ముక్కు కొసన ఉండే గుడ్డుపంటితో పిల్ల లోపలి నుంచి కోస్తోంది. చీలికలోంచి చిక్కటి ద్రవం కారింది, ముక్కు బయటికొచ్చింది, ఒక బుడగ ఉబ్బి పగిలింది. అంతే. ఆ తర్వాత గంటలు గడిచినా కదలదు. నాకు చెయ్యి ఆగలేదు. 'లాగొద్దు. లోపల పచ్చసొన ఇంకా పొట్టలోకి పోతోంది. ఇప్పుడు లాగితే నెత్తురు కారి పోతుంది' అన్నాడు అన్నయ్య. ఒక రోజంతా అలాగే తల మాత్రం బయటపెట్టి, కళ్లు తెరిచి మమ్మల్ని చూస్తూ కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం ఒక్క ఉదుటున దూకి డబ్బా మూలకు చేరింది. జానెడు కూడా లేదు. వీపు మీద పసుపు చుక్కలు పెద్దవాటి కంటే ముదురుగా, ఇప్పుడే అద్దినట్టు ఉన్నాయి.

పుట్టిన పిల్లకు మొదటి శత్రువు ఆకలి కాదు, దాహం. పొట్టలో సొన ఉంటుంది కాబట్టి కొన్ని రోజులు తినకపోయినా పర్వాలేదు. కానీ అంత చిన్న ఒంటి నుంచి తేమ చాలా త్వరగా ఎగిరిపోతుంది. పెద్ద పెట్టెలో, పెద్ద దీపం కింద పెడితే రెండు రోజుల్లో వడలిపోతుంది. చిన్న పెట్టె, అడుగున తడి మట్టి, దాక్కోవడానికి బెరడు ముక్కలు, ఒక మూల చిన్న వేడి దీపం, ఇంతే కావాలి. దాక్కునే చోటు ఎక్కువుంటే ధైర్యంగా బయటికొస్తుంది, ధైర్యంగా తిరిగేదే బాగా తింటుంది.

తల్లిదండ్రుల దగ్గర మాత్రం ఉంచకూడదు. అడవిలో కొమోడో పిల్లలు పుట్టగానే చెట్లెక్కి మొదటి ఏళ్లు అక్కడే గడుపుతాయి. కారణం, కింద తిరిగే పెద్దవి వాటిని తింటాయి. తోబుట్టువులను కలిపి పెంచవచ్చు, కానీ కళ్లు వాటి మీదే ఉండాలి. అన్నిటికంటే ముందు పెరిగింది ముందు తింటుంది, ముందు తిన్నది ఇంకా పెరుగుతుంది, వెనకబడ్డ దాని తోక కొసో కాలి వేలో ఒక రోజు కనిపించదు. అందుకే వారానికోసారి తూకం వేసి సమానంగా ఉన్నవాటిని ఒకచోటికి చేరుస్తారు.

తిండి దగ్గర ఎక్కువమంది చేసే తప్పు ఎలుకపిల్లలు. బాగా తింటుంది, త్వరగా లావెక్కుతుంది, చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటుంది. ఘనాలో సవానా ఉడుము పిల్లలు ఏం తింటున్నాయో వెళ్లి చూసినవాళ్లకు కనిపించింది కీచురాళ్లు, మిడతలు, రోకలిబండలు లాంటి పురుగులే. పురుగులు తినే జంతువుకు రోజూ కొవ్వున్న మాంసం పెడితే కాలేయం కొవ్వు పట్టి, కొన్నేళ్లలోనే పోతుంది. పురుగుల్లో కాల్షియం తక్కువ కాబట్టి కాల్షియం పొడి అద్ది పెట్టాలి, దాన్ని ఒంటికి పట్టించడానికి డీ3 విటమినో, అతినీలలోహిత కిరణాల దీపమో ఉండాలి. లేకపోతే ఎముకలు రబ్బరులా వంగుతాయి.

ఇక మిగిలిన సగం జవాబు. సవానా ఉడుము పిల్ల షాపులో చవక. దాన్ని ఇంట్లో పుట్టించాలంటే మీటరు మట్టి, ఐదారు నెలల ఇంక్యుబేటర్, కరెంటు బిల్లు, పురుగుల ఖర్చు. ఒక్కో పిల్లకు అయ్యే ఖర్చులో కొంత పెడితే ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్ల దొరుకుతుంది. ఇక ఎవరు కష్టపడతారు? యాకీకి ఆ సుఖం లేదు, బయటి నుంచి రాదు కాబట్టి ఉన్నవాటితోనే పుట్టించుకోవాలి. అందుకే దాని మట్టి లోతు అంగుళాలతో సహా జనానికి తెలిసింది, సవానా ఉడుముది తెలియలేదు.

చవక పిల్ల మీద ఉండే చీటీని కూడా జాగ్రత్తగా చదవాలి. 'ఫామ్‌లో పుట్టింది' అంటే పెంపకంలో పుట్టిందనుకుంటాం. అంతర్జాతీయ జంతు వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఎగుమతి కాగితం మీద ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. డబ్ల్యూ ఉంటే అడవిలో పట్టింది. ఆర్ ఉంటే గుడ్లనో పిల్లలనో అడవి నుంచి తెచ్చి ఫామ్‌లో పెంచింది. ఎఫ్ ఉంటే పెంపకంలో పుట్టినదే, కానీ అసలైన పెంపకానికి పెట్టిన షరతులన్నీ తీరనిది. సీ ఉంటేనే, ఆ ఫామ్‌లో పుట్టినవే మళ్లీ పిల్లలు పెట్టే స్థితికి చేరిన అసలైన పెంపకం. పడమటి ఆఫ్రికా నుంచి వచ్చే సవానా పిల్లల్లో చాలా భాగం ఆర్ రకం. గుడ్లతో ఉన్న ఆడవాటిని పట్టి తెచ్చి గుడ్లు పెట్టిస్తారు, లేదా బొరియలు తవ్వి గుడ్లు, పిల్లలు తీస్తారు. మట్టి పని తల్లి అడవిలోనే చేసింది, ఫామ్ చేసింది పొదిగించడం మాత్రమే.

సీ అనే అక్షరం ఉన్నా కళ్లు మూసుకుని నమ్మే పరిస్థితి లేదు. ఇండోనేసియా ఫామ్‌ల నుంచి పెంపకం పేరుతో వెళ్లిన ఆకుపచ్చ కొండచిలువల్లో కనీసం 80 శాతం నిజానికి అడవిలో పట్టినవని 2011లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అది పాము గురించి. ఆకుపచ్చ, నీలి చెట్టు ఉడుములూ ఆ దేశం నుంచే బయటికి వస్తాయి. నీలి చెట్టు ఉడుమును శాస్త్రం గుర్తించి పేరు పెట్టింది 2001లో. అది ఉండేదల్లా పాపువా పక్కన బటంటా అనే ఒక చిన్న దీవిలో.

హైదరాబాద్‌లో, బెంగళూరులో విదేశీ ఉడుములు కొందామనుకునే కుర్రాళ్లు నాకు తారసపడుతుంటారు, వాళ్లకు చెప్పాల్సింది కూడా ఉంది. 2022 చట్ట సవరణతో సైటిస్ జాబితాల్లోని విదేశీ జంతువులు నాలుగో షెడ్యూల్లోకి వచ్చాయి. ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా చెప్పాలి. కాగితాలు లేని ఉడుము పిల్లను 'ఫామ్‌ది సార్' అంటూ ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి.

అన్నయ్య దగ్గర పిల్లలు కొనడానికి వచ్చినవాళ్లలో ఒకావిడ రంగు గురించీ ధర గురించీ ముందు అడగలేదు. 'వీటి తల్లి గుడ్లు పెట్టిన చోటు చూపిస్తారా?' అని అడిగింది. అన్నయ్య ఆవిడను వెనక గదికి తీసుకెళ్లి, పెట్టె మూత తీసి, మోచేతి దాకా మట్టిలో చెయ్యి పెట్టి అడుగు అందదని చూపించాడు. ఆవిడా చొక్కా చెయ్యి పైకి మడిచి, తన చెయ్యి పెట్టి చూసింది. లోతున వెచ్చగా, తడిగా ఉందని చెప్పి, అప్పుడు పిల్లలను చూపించమంది.